తక్కువ తూగిన రాయి

“ఒక్క మాట. నోరు తెరిచి ఒక్క మాట అనడానికి ఏమొచ్చింది మీకు?”

నా భార్య నా మొహం చూసి అడగలేదు. పొయ్యి వైపు తిరిగి అడిగింది. మందిరం నుంచి ఇంటిదాకా ఇరవై నిమిషాలు నోరు విప్పకుండా నడిచిన మనిషి, చెప్పులు విడిచీ విడవగానే మొదలుపెట్టింది.

“మీ తమ్ముడు నిలబడ్డాడు. అంతమంది ముందు గోడ పట్టుకుని నిలబడి, ‘మా అమ్మను గదిలో పెట్టి తాళం వేసి తాగడానికి పోయింది నేనే’ అన్నాడు. పాస్టరు గారు మీ వైపు తిరిగి, ‘మీకు ఇతని మీద ఇంకా ఏమైనా ఉందా’ అని అడిగారు. లేదు అంటే అయిపోయేది. రెండక్షరాలు.”

“రెండే. నేనూ లెక్కపెట్టాను. బరువు అక్షరాల్లో ఉండదు.”

“ఆ తూకాలు దుకాణంలో పెట్టుకోండి. ఇది ఇల్లు.”

మూల కుర్చీలో మా పిన్ని కూర్చుని ఉంది. అమ్మకి చెల్లెలు. అమ్మ పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. ఆవిడకు చెవుడు, కాకపోతే అవసరమైనప్పుడే వస్తుంది.

“ఏమంటోందిరా అది?” అంది.

“ఏం లేదు పిన్నీ.”

“ఏం లేకపోతే అన్నం పెట్టమను. మీ ఇద్దరూ అలిగి కూర్చుంటే నా కడుపు ఎవరి మీద అలగాలి?”

పళ్ళేలు వచ్చాయి. ముగ్గురం కూర్చున్నాం. పిన్ని ఒక్కతే తిన్నది.

ఆ నియమం నాదే. తొమ్మిదేళ్ళ కిందట మా సంఘంలో ఇద్దరు పెద్దమనుషులు వీధిలో చొక్కాలు పట్టుకుని, మర్నాడు పక్కపక్కన కూర్చుని, క్రీస్తును తలచుకుని అందరం పంచుకునే ప్రభువు బల్లలో రొట్టె తిన్నారు. నాకు ఒళ్ళు మండింది. దొంగ తూకం రాయి మీద సర్కారు ముద్ర వేసినట్టు అనిపించింది. పట్టుబట్టి సంఘం పుస్తకంలో మూడు వరుసలు రాయించాను. తప్పు చేసినవాడు అందరి ముందూ నిలబడి తన నోటితో చెప్పాలి. తప్పు జరిగినవాళ్ళు, ‘ఇతని మీద మాకేమీ లేదు’ అనాలి. అప్పటిదాకా రొట్టె గానీ ద్రాక్షారసం గానీ ముట్టకూడదు.

మూడు వరుసలూ ధర్మశాస్త్రానికి తగ్గట్టే ఉన్నాయని అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఏడేళ్ళ తర్వాత అవి మా తమ్ముడి మీదే పడతాయని ఎవరనుకున్నారు? రెండేళ్ళుగా వాడు బల్లకు దూరంగా ఉన్నాడు. ఇప్పుడు వాడి కడుపులో గడ్డ. రేపు కాక ఆపై సోమవారం ఆపరేషను. దానికి ముందు రోజు నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల.

“ఇంకొకటి అడుగుతాను,” అంది నా భార్య, కలిపిన అన్నం అలాగే వదిలేసి. “తప్పు జరిగింది ఎవరికి? అత్తయ్యకి. ఆవిడ తరఫున మాట చెప్పడానికి మీరెవరు?”

“కొడుకుని.”

“వాడూ కొడుకే.”

పిన్ని మజ్జిగ తాగడం ఆపి నన్ను చూసింది. ఈసారి ఏమంటోందని అడగలేదు.

*

సోమ, మంగళ, బుధ. మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. గురువారం పాస్టరు గారు దుకాణానికి వచ్చారు.

నాది కాటాల దుకాణం. తక్కెడలు, తూకం రాళ్ళు అమ్ముతాను, బాగుచేస్తాను, ఏడాదికోసారి తనిఖీకి సిద్ధం చేసి పెడతాను. సంఘంలో నన్ను వెనకాల ‘కాటా పెద్దాయన’ అంటారు. నాకు తెలుసు. కోపం లేదు. మనిషికి చేసే పని పేరు కావడంలో తప్పేముంది?

పాస్టరు గారు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. నేను అప్పుడే ఎవరో దుకాణదారు తెచ్చిన రెండు కిలోల రాయిని తూచి చూస్తున్నాను. ముల్లు మధ్యకి రాలేదు.

“తక్కువుందా?” అన్నారు.

“అరిగిపోయింది. ఇరవై ఏళ్ళు ఎత్తి దించితే ఇనుమైనా అరుగుతుంది.”

“మరి తక్కెడ తప్పేమో?”

నవ్వాను. “తక్కెడ తప్పు కాదు అయ్యగారూ. ఉన్నది చెప్పింది, అంతే.”

“చెప్పింది సరే. ఈ రాయిని బాగుచేస్తుందా మరి?”

“తక్కెడ ఎలా చేస్తుంది?” రాయి తిరగేసి అడుగు చూపించాను. అక్కడ వేలు దూరేంత గుంట ఉంటుంది. అందులో పాత సీసం నల్లబడి ఉంది. “ఇదిగో, దీన్ని తీసి, కొత్త సీసం కరిగించి పోయాలి. తగ్గినంతా ఇందులో నిండాలి. ఆ పైన ముద్ర పడాలి.”

“ఆ రాయి తనంతట తాను...”

“అయ్యగారూ, ఆదివారం ప్రసంగం నా దుకాణంలోనే తయారు చేసుకుంటున్నారా?”

ఆయనా నవ్వారు. కానీ వదల్లేదు. “రాయి తనంతట తాను బరువెక్కలేదు కదా. బయటి నుంచి పోయాల్సిందే కదా. దాన్నే నేను కృప అంటాను.”

“సీసం పోశాక మళ్ళీ తక్కెడలోనే పెడతాం. తక్కెడని అవతల పారెయ్యం. పారేస్తే ఊళ్ళో ప్రతివాడూ తన రాయే సరైందంటాడు.”

“పారెయ్యమని నేనూ అనలేదు. ధర్మశాస్త్రం ఎవరెంత తక్కువో చెబుతుంది. అది చెప్పాక కూడా మీరు ఆ రాయిని అలాగే పట్టుకుని, ‘తక్కువ, తక్కువ’ అని కూర్చున్నారే, దాని గురించి అడుగుతున్నాను. రెండేళ్ళయింది పెద్దాయనా.”

నేను పాత సీసాన్ని ఉలితో తవ్వుతూ ఉండిపోయాను. ఎదురుగా బల్ల మీద పొడి రాలుతోంది.

“నిన్న మీ తమ్ముడిని చూశాను. ఆపరేషను గురించి డాక్టర్లు అటూ ఇటూ తేల్చి చెప్పడం లేదు. నేను వేరే ఏమైనా కావాలా అని అడిగితే, ‘బల్ల ఒక్కటి చాలు’ అన్నాడు. నేనిస్తానని చెప్పలేను. సంఘం పుస్తకంలో మీరు రాయించినది ఉంది. ఆ మాట మీ దగ్గర నుంచి రావాలి.”

“నేను అబద్ధం చెప్పలేను. నా మనసులో ఉంది. లేదని ఎలా అనను?”

“ఏముంది మనసులో?”

మా అమ్మ ఉంది. తమ్ముడి గదిలో నేల మీద పడి, నీళ్ళ చెంబు చేతికందక, తెల్లవారేదాకా అలాగే ఉన్న అమ్మ ఉంది. మూలుగు విని పక్కింటావిడ వచ్చి, తలుపుకి తాళం చూసి తిరిగి వెళ్ళిపోయిందట. నేను పొద్దున్న వచ్చి తాళం పగలగొట్టాను. ఆ తర్వాత పదకొండు రోజులు బతికింది. ఒక్క మాట మాట్లాడలేదు.

ఇదంతా ఆయనకు తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. అది నేను ఏ తక్కెడలోనూ వేసి చూడలేదు.

“ఆలోచిస్తాను,” అన్నాను.

ఆయన లేచారు. గుమ్మం దగ్గర ఆగి, “అమ్మే ఉంటే ఏమనేది?” అని అడిగారు.

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. ఉలి జారి బొటనవేలు తెగింది.

*

శనివారం మధ్యాహ్నం మూడింటికి తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. రెండేళ్ళలో మా గడప దగ్గరికి రావడం అదే మొదలు. లోపలికి రాలేదు. మెట్టు మీద కూర్చుని, “వదినా, మంచినీళ్ళు,” అన్నాడు, రోజూ వచ్చే మనిషిలా.

వాడు ఇళ్ళకు రంగులు వేస్తాడు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఇప్పుడు గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అది చూస్తే భయమేసింది.

“లోపలికి రారా,” అంది నా భార్య. “ఏదైనా తిను.”

“తినొద్దన్నారు వదినా. లేకపోతే నీ చేతి వంట వదిలే రకమా నేను?” నీళ్ళు రెండు గుక్కలు తాగి పెట్టేశాడు. “ఆసుపత్రి గోడలు చూశావా? పాత రంగు గీకకుండానే మీద కొత్తది కొట్టారు. ఆరు నెలల్లో పెచ్చులు లేస్తాయి. కడుపు కోసేవాళ్ళయినా కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తారో లేదో.”

నా భార్య నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

వాడు జేబులోంచి తాళంచెవి తీసి మెట్టు మీద పెట్టాడు. చూడగానే గుర్తుపట్టాను. దాని తాళాన్ని నేనే సుత్తితో పగలగొట్టాను.

“ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉంది. ఎల్లుండి తర్వాత నా సామాను ఎవరి చేతిలో పడుతుందో. నీ దగ్గర ఉండనీ.”

“నాకెందుకు?”

“నాకూ ఎందుకో తెలీదు. పారెయ్యబుద్ధి కాలేదు.”

వీధిలో ఎవరో సైకిలుకి గాలి కొట్టుకుంటున్నారు.

“అన్నా, ఒకటి అడగనా? కోప్పడవు కదా?”

“అడుగు.”

“ఆ ఇత్తడి తక్కెడలు అన్నీ అమ్ముడుపోయాయా?”

“ఏ తక్కెడలు?”

“అదే, అమ్మ పడిపోయిన రోజు నువ్వు కొనడానికి వెళ్ళినవి. అమ్మ పోయాక నువ్వు మంచం దిగలేదు కదా. నువ్వు కొని అక్కడే ఉంచిన సరుకు తెమ్మని వదిన నన్ను పంపింది. ఆ ఊరి దుకాణం ముసలాయన మంచివాడు. టీ ఇప్పించాడు.” వాడు గొంతు తగ్గించాడు. “నిన్ను మెచ్చుకున్నాడు. ‘మీ అన్నది ఏం పట్టుదలయ్యా. ఆఖరి బస్సుకి ఇంకా గంట ఉంది, వెళ్ళండి, సరుకు ఎక్కడికీ పోదు అన్నాను. వినలేదు. పొద్దున్నే ఇంకో వ్యాపారి వస్తాడని తెలిసి దుకాణం అరుగు మీదే పడుకున్నాడు’ అన్నాడు.”

బస్సు తప్పిపోయింది. ఇంట్లో, సంఘంలో, సమాధి దగ్గర నేను చెప్పింది అదే. అడిగిన ప్రతివాళ్ళకీ అదే చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే ఆ బస్సు వెనక దుమ్ము కనిపించేది.

వంటింటి గుమ్మంలో నా భార్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

“రెండేళ్ళుగా తెలుసా నీకు?” అన్నాను తమ్ముడితో.

“తెలుసు.”

“ఎందుకు చెప్పలేదురా? అప్పట్లో నేను నీ తప్పు సంఘం ముందు పెట్టినప్పుడు చెప్పొచ్చు కదా. పోయిన ఆదివారం అయినా.”

“నా తప్పు చెప్పడానికి నిలబడ్డాను. నీది చెప్పడానికి కాదు.” వాడు కడుపు పట్టుకుని కాస్త వంగి, మళ్ళీ సర్దుకున్నాడు. “ఆ సాయంత్రం అమ్మ నీకోసం అడిగింది. ‘అన్న వచ్చేస్తాడు, అప్పటిదాకా నేను కదలను’ అని మాటిచ్చాను. మాటిచ్చి కదిలింది నేను. నీది తెచ్చి అటు పక్క వేస్తే నాది తేలికవుతుందా? అలా తూచడానికి నీ కాటా కూడా ఒప్పుకోదు.”

నేను తాళంచెవిని చేతిలోకి తీసుకుని, మళ్ళీ మెట్టు మీదే పెట్టాను.

“రేపు వస్తాను. వెనక బెంచీ మీద కూర్చుంటాను. ఇస్తే తీసుకుంటాను. ఇవ్వకపోతే నీ మీద కోపం లేదు. ఆ మూడు వరుసలు మంచివే అన్నా. అవి లేకపోతే నేను ఎప్పటికీ నిలబడేవాణ్ణి కాదు. తాగి తాగి ఎక్కడో పడిపోయేవాణ్ణి.” గోడ పట్టుకుని లేచాడు. “నిలబడ్డాక అవతలి మాట రాకపోతే ఏం చెయ్యాలో మాత్రం వాటిలో లేదు.”

వాడు వీధి మలుపు తిరిగేదాకా చూశాను. దారిలో రెండుసార్లు ఆగాడు.

“బస్సు తప్పిపోయిందన్నారు,” అంది నా భార్య వెనక నుంచి.

“అవును.”

“అత్తయ్యని స్నానం చేయించి పడుకోబెట్టినప్పుడు, మీ చెయ్యి పట్టుకుని నేను, ‘మీ తప్పేముంది, బస్సు తప్పితే మీరేం చేస్తారు’ అన్నాను. గుర్తుందా?”

గుర్తుంది.

ఆవిడ మెట్టు మీది గ్లాసులో మిగిలిన నీళ్ళు మొక్కకు పోసి లోపలికి వెళ్ళిపోయింది. తాళంచెవిని ముట్టుకోలేదు.

*

మా సంఘంలో ద్రాక్షారసం గ్లాసుల్లో పోసే పని పదిహేనేళ్ళుగా నాది. బొటనవేలంత గాజు గ్లాసులు. ఆ వారం బల్లలో పాలుపంచుకునేవాళ్ళ పేర్లు చూసుకుని అన్నే పోస్తాను. ఒకటి మిగలదు, ఒకటి చాలకపోదు. అందులో నాకు గర్వం కూడా ఉంది.

ఎప్పుడూ నలభై రెండు. ఆ పొద్దున్న పేర్లు చూసుకున్నాను. తమ్ముణ్ణి కలిపితే నలభై మూడు. నన్ను తీసేస్తే మళ్ళీ నలభై రెండు.

నా నియమం ప్రకారం అంతే. చెప్పినవాడు, అవతలి మాట వచ్చేదాకా ముట్టకూడదు. నేను ఇవాళ చెప్పబోతున్నాను.

నా భార్య వచ్చి పళ్ళెం మీద తెల్లగుడ్డ కప్పింది. కప్పేముందు గ్లాసుల వరుసలు చూసింది.

“సరిపోయాయా?” నిన్నటి నుంచి నాతో అన్న మొదటి మాట.

“సరిపోయాయి.”

పాటలయ్యాయి. ప్రార్థనయ్యింది. ప్రసంగంలో పాస్టరు గారు తూకం రాయి మాట ఎత్తలేదు. బల్ల ముందుకు వచ్చి, నా వైపు తిరిగి, “పోయిన వారం అడిగిన మాటే మళ్ళీ అడుగుతున్నాను. మీకు ఇతని మీద ఏమైనా ఉందా?” అన్నారు.

లేచాను.

“ఇతని మీద ఏమీ లేదు. ఉండటానికి నాకు హక్కు లేదు. ఆ రోజు బస్సు తప్పిపోలేదు. గంట టైముంది. సరుకు చెయ్యిజారిపోతుందని నేనే ఎక్కలేదు. ఎక్కి ఉంటే...”

“ఒరేయ్ పెద్దోడా,” అని ముందు వరుసలోంచి పిన్ని చెయ్యెత్తింది. “వినపడలేదు. గట్టిగా చెప్పు.”

నిజంగా వినపడలేదో, వినపడే అడిగిందో! నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. గట్టిగా చెబితే అందులో ఒక్క మాటను కూడా దాచుకోవడానికి చోటుండదు.

“ఎక్కి ఉంటే మా అమ్మ పక్కన నేనుండేవాణ్ణి. రెండేళ్ళు అబద్ధమాడాను. ఆ అబద్ధం మీద నిలబడి తమ్ముణ్ణి తూచాను.”

పిన్ని చెయ్యి దించింది. తల వంచుకుంది.

పాస్టరు గారు సంఘం పుస్తకం తెరిచారు. అలవాటు కొద్దీ తెరిచారు. “మరి మీ విషయంలో ఆ మాట ఎవరు చెప్పాలి?”

“మా అమ్మ చెప్పాలి. ఆవిడ లేదు. ఆ మూడు వరుసలు రాయించినప్పుడు, మాట చెప్పాల్సినవాళ్ళు పోతే ఏం చెయ్యాలో నేను రాయించలేదు.”

ఆయన అటు ఒక పేజీ, ఇటు ఒక పేజీ తిప్పారు. “లేదు,” అన్నారు. పుస్తకం మూసి కిటికీ గట్టు మీద పెట్టారు. రొట్టె విరిచి అటు నుంచి ఇచ్చుకుంటూ వెళ్ళారు. తర్వాత నన్ను చూసి, “పంచండి,” అన్నారు.

పళ్ళెం ఎత్తుకున్నాను. ఒక్కో వరుసా దాటుతున్నాను. కొందరు నా కళ్ళలోకి చూసి తీసుకున్నారు, కొందరు గ్లాసునే చూసి తీసుకున్నారు. పిన్ని తీసుకుంది. నా భార్య తీసుకుంది. ఖాళీ అవుతున్న పళ్ళేన్ని చూసి, పెదవులు కదిపి ఏదో లెక్కపెట్టింది. ఒక్కసారిగా నా మొహం చూసింది. ఆవిడకు అర్థమైంది.

వెనక బెంచీ దగ్గరికి వచ్చేసరికి పళ్ళెంలో ఒక్క గ్లాసు ఉంది.

తమ్ముడు రెండు చేతులతో తీసుకున్నాడు. రెండేళ్ళ తర్వాత. నా లెక్క పూర్తయింది. వెనక్కి తిరగబోయాను.

“అన్నా.”

ఆగాను.

వాడు తాగలేదు. ఖాళీ పళ్ళెం చూస్తున్నాడు. “నీదేది?”

“నాకు లేదు. అంతే పోశాను.”

వాడికి నవ్వొచ్చింది, నొప్పీ వచ్చింది. ఒక చేత్తో కడుపు పట్టుకుని బెంచీ మీద కొంచెం అటు జరిగాడు. ఒక మనిషి కూర్చునేంత చోటు. రెండో చేత్తో ఆ గ్లాసును నా వైపు చాపాడు.

“సగం నీది. రా, కూర్చో.”

నలభై ఏళ్ళ వ్యాపారంలో నేను ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోలేదు. తీసుకోవడం ఎలాగో నాకు రాదు. గ్లాసు అంచు మీద ద్రాక్షారసం వణుకుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే ఒలికిపోతుంది. మందిరంలో అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు.

నా రెండు చేతులూ ఇంకా ఆ ఖాళీ పళ్ళేన్నే పట్టుకుని ఉన్నాయి.